నీడ వెంట మంచం

మా ఇంటి వెనక కానుగచెట్టు ఒకటుంది. కదిరి నుంచి గోరంట్లకు పోయే దారిలో, రోడ్డు మీదినుంచి కాస్త లోపలికి ఉంటుంది మా ఊరు. వేసవిలో ఆ దారిన బస్సులో పోయినవారికి ఎర్రమట్టి, పెద్దపెద్ద రాతిగుండ్లు తప్ప ఇంకేమీ గుర్తుండవు. అలాంటి చోట చెట్టు నీడంటే ఇంట్లో ఒక గది కిందే లెక్క. కానుగ నీడ వేప నీడకంటే చల్లన అని నేనంటాను. మా కూతురు సునంద ఒప్పుకోదు. ఆ వాదన మా ఇంట్లో ఏళ్లుగా నడుస్తోంది.

పొద్దున ఆ నీడ పడమటి వైపు, గొడ్ల తొట్టి దాకా చాచుకుని పడుతుంది. ఎండ ఎక్కేకొద్దీ చెట్టు మొదట్లోకి ముడుచుకుంటుంది. మధ్యాహ్నం దాటాక తూర్పు గోడ వైపు జారుతుంది. మా వైపు పగటిపూట పడుకునేవాళ్లు, అంటే బాలింతలు, జబ్బుపడినవాళ్లు, నాలాంటి ముసలివాళ్లు, చెట్టు కింద మంచం వేసుకుంటారు. నీడ జరిగిపోతే ఇంట్లోవాళ్లు ఇద్దరు వచ్చి, తలాపున ఒకరు, కాళ్ల దగ్గర ఒకరు పట్టుకుని, పడుకున్నవాళ్లకు మెలకువ రాకుండా మంచాన్ని ఎత్తి నీడలో పెడతారు. పడమట పడుకున్నవాడు తూర్పున లేస్తాడు. మాకు అది వింత కాదు.

మా అమ్మ మాత్రం ఒక్కటి చెప్పేది. "మంచం జరిపితే చెప్పులూ జరపండి." ఎందుకమ్మా అంటే, "లేస్తానే కాళ్లు కాల్తాయి గదరా" అనేది. నేను అనంతపురం కాలేజీలో బి.ఎ. చదివినవాణ్ణి, చరిత్ర ప్రధానాంశంగా. ప్రతి ఆచారం వెనకా మనిషి సుఖం కోసం ఏర్పడిన కారణం ఒకటుంటుందని మా లెక్చరరు ఒకాయన చెప్పేవాడు. చెప్పుల సంగతి వింటే ఆయన ఎంతో మెచ్చుకునేవాడు. ఎర్రమట్టి ఎంత కాలుతుందో నాకు తెలుసు కాబట్టి నేనూ ఆ కారణంతోనే తృప్తిపడ్డాను.

ఇక తిప్పేష్ గురించి చెప్పాలి. వాడు మా ఇల్లటం అల్లుడు. మాకు సునంద ఒక్కతే. పెళ్లయినప్పటినుంచీ వాడు మా ఇంట్లోనే ఉన్నాడు, నాకు కొడుకు కిందే లెక్క. ఎద్దులాంటి మనిషి. తింటే అరుగుతుంది, పడుకుంటే నిద్రపడుతుంది. వాడి గురక గురించి వీధి వీధంతా ఎగతాళి. "తిప్పేష్ మామ నిద్రపోతే దొంగలు రారు, ఎవరో మోటరు ఏసినారనుకుంటారు" అని పక్కింటి పిల్లలు నవ్వేవాళ్లు.

వానలు మొహం చాటేసిన తర్వాత, మా ఊరివాళ్లు చాలామంది వేరుశనగ చేలు కరెంటు అద్దాలు పరిచే సోలారు కంపెనీకి బాడుగకు ఇచ్చేశారు. మేమూ ఇచ్చాం. భూమి ఇచ్చిన ఇంటికొక కాపలా ఉద్యోగం అన్నారు. అలా తిప్పేష్ తన చేనుకే తాను కాపలావాడయ్యాడు. ఖాకీ బట్టలు, బూట్లు, టార్చి, వాకీటాకీ ఇచ్చారు. ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ.

రాత్రుళ్లు మేలుకోవడం మాకు కొత్త కాదు. నా వయసులో కరెంటు అర్ధరాత్రి వచ్చేది, బోరు మోటరు వెయ్యడానికి చలిలో చేనికి పోయేవాళ్లం. అడవిపందులకు కాపలా ఉండి మంచె మీద పొద్దుపుచ్చేవాళ్లం. కానీ అందులో ఒక తీరు ఉండేది. ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి అంటే ఒళ్లు దేనికీ కుదురుకోదు. పగలు వాడికి నిద్ర పట్టేది కాదు. రేకుల ఇంట్లో పడుకుంటే పొయ్యిలో పడుకున్నట్టే. వీధిలో అమ్మేవాళ్ల మైకులు, కోళ్లు, ఫోన్లు. తల మీద తుండు కప్పుకుని అటూ ఇటూ పొర్లేవాడు. కళ్ల కింద నల్లగా అయింది. ఒకరోజు పొద్దున డ్యూటీ నుంచి వస్తూ బండి మీదే తూలి కంపచెట్లలో పడ్డాడు.

సునంద వాడి మోచేతికి పసుపు అద్దుతూ ఏడ్చింది. "ఈ పని వద్దు, మానుకో" అంది.

"మానుకుంటే ఏం చేసేది? చేను అద్దాల కింద ఉండాది. అలవాటవుతాది లే" అన్నాడు వాడు.

కాపలావాళ్ల పైన సూపర్‌వైజరు ఓబుళేసు. మా పక్క ఊరివాడే. డ్యూటీలో కునుకు తీస్తూ తిప్పేష్ ఒకసారి దొరికిపోయాడు. ఇంకోసారి దొరికితే ఇంటికి పంపుతానన్నాడు. "ఏమప్పా, అద్దాలకు కూడా నిద్ర రాదు, నీకెందుకు వస్తాది?" అన్నాడట.

అది వేసవి మొదట్లో. రాత్రి వారం నడుస్తోంది. ఎన్నో రోజుల ఆకలి తీరినట్టుగా ఆ పొద్దు తిప్పేష్‌కు నిద్ర పట్టింది. డ్యూటీ నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా, చెట్టుకు పడమటి వైపు, తొట్టి పక్కన మంచం వాల్చుకుని, కూర్చున్నచోటే బూట్లు విప్పి పడేసి పడుకున్నాడు. గురక లేదు. అంత లోతు నిద్ర. ఛాతీ లేస్తోందో లేదో అని నేను దగ్గరికి పోయి చూశాను కూడా.

ఎండ కాళ్ల మీదికి వచ్చింది. నేనూ సునందా మంచాన్ని ఎత్తి తూర్పు వైపు మోశాం. వాడు కదలలేదు. సునంద బూట్లు తీసుకురాబోతే నేనే అన్నాను, "ఉండనీ పాపా, రాత్రంతా చెమటకు నానినాయి, ఎండకు ఆరతాయి."

సాయంత్రం వాడు లేచాడు. లేచి కూర్చుని చాలాసేపు నేలవైపు చూశాడు. తర్వాత వట్టికాళ్లతోనే నడిచిపోయి, తొట్టి దగ్గర బూట్లు వేసుకుని వచ్చాడు. నేల ఇంకా కాలుతూనే ఉంది. వాడు కాళ్లు ఎత్తెత్తి వేయలేదు.

"బాగా పట్టిందా నిద్ర?" అన్నాను.

"పట్టింది మామా" అన్నాడు.

ఆ రోజు నుంచి తిప్పేష్ రాత్రి డ్యూటీకి అలవాటుపడిపోయాడు.

అందరం సంతోషించాం. ఆవలింత లేదు, కళ్ల ఎరుపు లేదు. ఓబుళేసు రోడ్డు మీద కనబడి, "అన్నా, నీ అల్లుడు మనిషా, మిషనా? కన్ను మూయడు. అందరికీ ఆయప్పనే చూపిస్తాండా" అన్నాడు. వేరేవాళ్లు రాకపోతే వాళ్ల డ్యూటీ కూడా వీడే చేసేవాడు. ఇంటికి వచ్చి మంచం మీద వెల్లకిలా పడుకుని, చేతులు పక్కన పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. టైము కాగానే లేచేవాడు. కూరలో ఉప్పు మరిచిపోయినా ఏమీ అనేవాడు కాదు. ఏది చెప్పినా, "ఎట్ల చెప్తే అట్ల మామా" అనేవాడు. ఇదివరకు నేను ఏది చెప్పినా ఎదురుచెప్పే మనిషి వాడు.

ఒక మధ్యాహ్నం సునంద నా దగ్గరికి వచ్చి కూర్చుంది. కొంగు వేలికి చుట్టుకుంటూ, గొంతు తగ్గించి అంది.

"నాయనా, ఆయప్ప నిద్ర పోల్యా."

"ఎప్పటినుంచి?"

"ఆ పొద్దు నుంచీ. ఊరికే కండ్లు మూసుకుంటాడు. నేను లోపలికి పోతానే తెరుస్తాడు. కిటికీలోనించి చూసినా. రెప్ప ఆడదు నాయనా. చెట్టు కొమ్మలను చూస్తా ఉంటాడు."

కదిరిలో డాక్టరుకు చూపించాం. ఆయన బి.పి. చూసి, కళ్లలో లైటు వేసి, షిఫ్టులు చేసేవాళ్లకు ఇది మామూలేనని, మాత్రలు రాసిచ్చాడు. తిప్పేష్ వాటిని శనగలు నమిలినట్టు నమిలి మింగాడు. ఏమీ కాలేదు.

ఆ వారం ఎండ వేడికి నేను రాత్రుళ్లు బయటే పడుకోసాగాను. రాత్రిపూట నీడతో పని లేదు కదా. నా మంచం వాకిలి పక్కన. తిప్పేష్ డ్యూటీలో ఉన్నాడు, సునంద లోపల ఉంది. గాలి లేదు. కానుగ ఆకు కూడా కదలలేదు. దూరంగా సోలారులో అద్దాలు కడిగే ట్యాంకరు చప్పుడు సన్నగా వినిపిస్తోంది. పగలు కడిగితే వేడికి పగులుతాయని రాత్రే కడుగుతారు. మా ఊరికి వారానికొకసారి తాగే నీళ్లు వస్తాయి. ఆ అద్దాలు మాత్రం రోజూ స్నానం చేస్తాయి. సరే, ఆ సంగతి వదిలేద్దాం. నీళ్లు మట్టి మీద పడ్డప్పుడు వచ్చే తొలకరి వాసన ఒక్కోసారి గాలికి ఊరిదాకా వచ్చి ముసలివాళ్లను మోసం చేస్తుంది. ఆ రాత్రి కూడా ఆ వాసనకే మెలకువ వచ్చింది నాకు.

కానీ గాలి లేదు. వాసన చాలా దగ్గరగా ఉంది.

ఎండిన కానుగాకుల మీద ఎవరో నడుస్తున్నారు.

కుక్కేమో అనుకున్నాను. కుక్క నాలుగు కాళ్లతో నడుస్తుంది. ఇవి రెండు కాళ్లు... వట్టికాళ్లు. తొట్టి దాకా వెళ్లాయి. ఆగాయి. వెనక్కి వచ్చాయి. చెట్టు చుట్టూ తిరిగాయి. మళ్లీ తొట్టి దగ్గరికి... మళ్లీ ఆగాయి. చీకట్లో ఏదో పోగొట్టుకున్నవాడు నేలను కాలితో తడుముకుంటున్నట్టుగా ఉంది.

"ఎవరప్పా అది?" అన్నాను.

అడుగులు నిలిచిపోయాయి. తర్వాత నా వైపు వచ్చాయి. మెల్లగా. మంచం పట్టె పక్కన ఆగాయి. ఎదురుగా ఎవరూ లేరు. చుక్కలు కనబడుతున్నాయి. తడిమట్టి వాసన మాత్రం ముక్కులో నిండిపోయింది.

"మామా..."

తిప్పేష్ గొంతే. ఏడ్చి ఏడ్చి అలిసిపోయినట్టున్న గొంతు.

"మామా... నా మంచం యాడ పెట్టినారు?"

నా చెయ్యి దిండు కింద ఉన్న ఫోనును ఎప్పుడు పట్టుకుందో, ఎలా నొక్కిందో నాకు తెలియదు. అవతల ఒక్క రింగుకే ఎత్తాడు.

"చెప్పు మామా." అదే గొంతు. కానీ నున్నగా, తేటగా ఉంది.

"యాడుండావప్పా?"

"డ్యూటీలో ఉండా మామా. ఏమి కావల్ల?"

నా చెవి పక్కన, ఫోను లేనివైపు, వాడు మళ్లీ అన్నాడు. "మామా, నిద్ర వస్తాంది. నా మంచం..."

తెల్లవారేదాకా ఆ అడుగులు చెట్టు చుట్టూ తిరిగాయి. నేను మంచం దిగలేదు. ఎక్కడ పెట్టామో నాకు తెలుసు. తీసుకొచ్చి పెట్టే ధైర్యం లేకపోయింది.

పొద్దున సునందతో చెప్పాను. తను ఆశ్చర్యపోలేదు. పొయ్యి ముందు కూర్చుని, మంటలోకి చూస్తూ, "నేనూ వింటాండా నాయనా. శానా దినాలనుంచి. కల అనుకుంటి" అంది. పుల్ల ఒకటి పొయ్యిలోకి ఎగదోసి, "ఆ పొద్దు మనం బూట్లు జరపల్యా" అంది.

అప్పుడు అర్థమైంది మా అమ్మ మాట. లోతుగా నిద్రపోయినవాడు మంచం మీదే ఉంటాడని ఎవరికి తెలుసు? తిరిగొచ్చేటప్పుడు వాడికి ఆనవాలు తన మంచం, తన చెప్పులు. బూట్లు ఒకచోట, మంచం ఒకచోట ఉంటే వాడు బూట్ల దగ్గరికి వచ్చి ఆగిపోయుంటాడు. సాయంత్రం అవి కూడా లేవు. ఇదంతా నేను అనుకున్నదే. నిజం ఏమిటో నాకు తెలియదు. మంచం మీదినుంచి లేచి, బూట్లు వేసుకుని, మా ఇంట్లో అన్నం తింటున్నది ఎవరో అంతకంటే తెలియదు.

ఇద్దరం ఒకటి అనుకున్నాం. ఒక రాత్రి తొట్టి పక్కన, అదే చోట, అదే మంచం వెయ్యాలి. దాని మీద తిప్పేష్ పడుకోవాలి. మంచం కింద బూట్లు ఉండాలి. తిరిగేవాడు వస్తాడు, చూసుకుంటాడు.

కానీ తిప్పేష్ రాత్రి ఇంట్లో ఉండాలంటే సెలవు కావాలి. ఓబుళేసు ఇవ్వనన్నాడు. "అందరిలో మేలుకొని ఉండేది ఆయప్ప ఒక్కడే అన్నా" అన్నాడు. బతిమాలితే, "ఆ పోస్టులో ఎవరన్నా కూర్చోవల్ల గదా" అన్నాడు. నేను కూర్చుంటానన్నాను. నవ్వాడు. "సరే పెద్దాయనా. టార్చి పట్టుకోని కుర్చీలో ఉండు చాలు. పిలిస్తే ఓకే అను."

ఇంటికి వచ్చి తిప్పేష్‌కు చెప్పాను. ఎట్ల చెప్తే అట్ల అంటాడనుకున్నాను. అనలేదు. అన్నం ముందు కూర్చున్నవాడు చెయ్యి ఆపి, "నా కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టొద్దు మామా" అన్నాడు.

"నేనే కూర్చుంటా గదప్పా."

వాడు తల ఎత్తి నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. రెప్ప వాల్చకుండా, తలనుంచి కాళ్లదాకా, సంతలో ఎద్దును చూసినట్టు.

"నీవైతే సరే" అన్నాడు.

ఆ మాటకు వెనక్కి తగ్గుదామా అనుకున్నాను. కానీ సునంద గుమ్మంలో నిలబడి ఉంది. పిల్ల ముఖం చూశాక వెళ్లక తప్పదనిపించింది.

వాడిది నాలుగో పోస్టు, సోలారుకు పడమటి మూల. అంటే ఒకప్పటి మా చేనే. అద్దాల వరసల మధ్య ఎత్తైన గుండు ఒకటి వదిలేశారు, తవ్వలేక. ఆ గుండు పక్కనే మేము వేరుశనగ కుప్ప వేసేవాళ్లం. దాని ముందే ఇనుప కుర్చీ. వెన్నెల తెల్లగా కాస్తోంది. కొంచెం వాల్చి నిలబెట్టిన ఆ అద్దాలు కనుచూపు మేర వరసలు వరసలుగా, ఎవరూ పడుకోని మంచాల్లాగా ఉన్నాయి. కడిగిన నీళ్లు ఇంకా చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. తడిమట్టి వాసన.

కాళ్లు వాచినట్టుండి చెప్పులు విడిచాను. కదిరిలో కుట్టించుకున్న తోలు చెప్పులు. ఎడమ మడమకు టైరు ముక్క వేసి, మూడు మేకులు కొట్టించాను. పనివాడు మేకులు వంకరగా కొట్టాడని ఆ రోజు వాడితో పెద్ద గొడవ కూడా పడ్డాను. చెప్పులు కుర్చీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. అరగంటకోసారి ఓబుళేసు వాకీటాకీలో పిలుస్తున్నాడు. ఓకే అంటున్నాను.

చంద్రుడు నెత్తి మీదికి వచ్చాక ఫోను మోగింది. సునంద. ఊపిరితో మాట్లాడుతోంది.

"నాయనా... వస్తాండాడు."

"నీవు యాడుండావు?"

"కిటికీ దగ్గర. ఆకుల సప్పుడు... తొట్టికాడికి వచ్చినాడు. నిలబడినాడు నాయనా."

"ఆయప్ప?"

"మంచం మీద లేచి కూర్చున్నాడు. సూస్తాండాడు... ఏమీ లేని తావు సూస్తాండాడు." ఫోను చెవికి అదిమి పట్టుకున్నాను. తర్వాత మంచం కిర్రుమన్న చప్పుడు. బరువైన మనిషి ఒక్కసారిగా ఒరిగినట్టు.

"సునందా! పాపా!"

ఆ తర్వాత వినబడింది. మొదట గరగరమని, ఆగి, మళ్లీ, బోరు మోటరు పట్టుకున్నట్టు. గురక. అల్లుడి గురక.

"నిద్రపోయినాడు నాయనా" అంది సునంద. అని ఏడ్చింది. ఏడుస్తూ నవ్వింది. ఇంత చప్పుడుతో ఇన్నాళ్లు ఎట్ల కాపురం చేస్తినో అంది. నేనూ నవ్వాను. కళ్లు తుడుచుకుని, ఫోను జేబులో పెట్టుకుని, తల వెనక్కి వాల్చాను. అన్ని రోజుల భయం ఒక్కసారిగా కారిపోయినట్టయింది. నా వయసులో నిద్ర పిలిస్తే రాదు, పిలవకపోతే వస్తుంది. అంత మంచి నిద్ర చిన్నప్పుడు కుప్ప మీద పడుకున్నప్పుడు పోయానేమో.

మెలకువ వచ్చేసరికి ముఖం మీద వెన్నెల లేదు. చల్లగా, చీకటిగా ఉంది. చంద్రుడు వాలిపోయాడేమో అనుకున్నాను. తల ఎత్తి చూస్తే నా నెత్తి మీద అద్దం ఉంది. నేను వరస కింద, దాని నీడలో ఉన్నాను. కుర్చీతో సహా.

బయట వెన్నెల పగలులా ఉంది. దూరంగా గుండు కనబడుతోంది. గుండు ముందు ఖాళీ నేల. ఆ నేల మీద నా చెప్పులు, జతగా, నేను పెట్టినచోటే ఉన్నాయి.

కుర్చీ ఈడ్చిన గీత లేదు. టార్చి వేసి చూశాను. కడిగిన నేల తడిగానే ఉంది. దాని మీద గీత లేదు, అడుగు లేదు. నేను లేవకుండా ఎత్తి తెచ్చి పెట్టినట్టుంది. ఎత్తాలంటే ఇద్దరు కావాలి. తలాపున ఒకరు... కాళ్ల దగ్గర ఒకరు...

వాకీటాకీ నొక్కాను. "ఓబుళేసూ... నాలుగో పోస్టుకు ఎవరన్నా వచ్చినారా?"

"ఎవరూ రాల్యా పెద్దాయనా. ఏమయింది? ఇప్పుడే గదా ఓకే అంటివి."

నేను ఓకే అనలేదు. పరుగెత్తి పోయి చెప్పులు తొడుక్కున్నాను. వెచ్చగా ఉన్నాయి. అప్పటిదాకా ఎవరో వేసుకుని, ఇప్పుడే విడిచినట్టు.

తిప్పేష్ మరుసటి సాయంత్రం దాకా నిద్రపోయాడు. ఎండ వచ్చినా మంచం జరపలేదు, సునంద చీర కట్టి నీడ చేసింది. లేచి, నీళ్లు తాగి, సంగటి ముద్ద మీద ముద్ద తిని, చారులో పులుపు ఎక్కువైందని భార్యను తిట్టాడు. ఆ తిట్టు విని మేము ఎంత సంతోషపడ్డామో చెప్పలేను. తర్వాత నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఇంట్లో దీపం ఎలుగుతాండె మామా. నా అన్నం తట్టలో ఎవడో కూర్చోని తింటాండె. మీ మధ్యనే నిలబడి పిలిచినా. ఎవరూ తిరిగి చూడల్యా. నీవొక్కనివే ఎవరప్పా అంటివి."

ఆ ఉద్యోగానికి వాడు మళ్లీ పోలేదు. ఇప్పుడు రోజూ రాత్రి పడుకుని పొద్దున లేస్తాడు. వీధి పిల్లలు మళ్లీ నవ్వుతున్నారు.

నాకే నిద్ర రావడం లేదు.

ఇబ్బంది ఏమీ లేదు. ఒళ్లు నొప్పి లేదు, కళ్ల మంట లేదు. పెద్ద వయసు కదా, నిద్ర తక్కువే అని మొదట్లో అనుకున్నాను. పడుకుని కళ్లు మూసుకుంటాను. టైము కాగానే లేస్తాను. నిన్న సునంద కూరలో ఉప్పు మరిచిపోయింది. తను గిన్నె కడిగేటప్పుడు చెప్పేదాకా నాకు తెలియలేదు. తను నన్ను చూసిన చూపు నాకు తెలుసు. కిటికీలోనించి భర్తను చూసిన చూపు అది. తిప్పేష్ నా వైపు చూడటం మానేశాడు.

నేను బి.ఎ. చదివినది గుర్తుంది. లెక్చరరు మాట గుర్తుంది. కాబట్టి నేను నేనే అనుకుంటున్నాను. తిప్పేష్ రూపంలో ఉన్నవాడికి కూడా నా పేరు, నా ఫోను నంబరు, అన్నీ గుర్తుండేవి.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఆ కుర్చీ అదే చోట వేసుకుని, ఒక రాత్రి చెప్పులు విడిచి కూర్చోవాలి. నిన్న రాత్రి ఓబుళేసును అడిగితే, "ఆ పోస్టు తీసేసినాం పెద్దాయనా. గుండు ముందర ట్రాన్స్‌ఫార్మరు పెడతాండారు. ఈ మాపటికే సిమెంటు దిమ్మె పోసినారు. రేపటికి చుట్టూ కంచె, లోపల కరెంటు. ఈగను కూడా పోనియ్యరు" అన్నాడు.

ఈ పొద్దు తెల్లవారుజామునే పోయాను. తిప్పేష్ దూరంగా బండి ఆపి ఉండిపోయాడు. మేస్త్రీ దిమ్మె దగ్గర నిలబడి కాపలావాళ్లను తిడుతున్నాడు. పచ్చి సిమెంటు మీద రాత్రి ఎవరో నడిచారట. మళ్లీ పూయాలట.

నేను వంగి చూశాను. దిమ్మె మీద గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి, లెక్కలేనన్ని చెప్పుల అచ్చులు. ఎవరో చుట్టూ తిరిగి తిరిగి, చివరికి నడిమధ్యకు వచ్చి ఆగినట్టు. అక్కడ రెండు పాదాలు పక్కపక్కన, మిగతావాటికంటే లోతుగా దిగి ఉన్నాయి. బయటికి పోయిన అడుగు ఒక్కటీ లేదు. ఎడమ మడమలో టైరు గీతల మధ్య మూడు మేకుల గుర్తులు, వంకరగా.

రాత్రంతా నేను మా ఇంట్లో, మంచం మీద, కళ్లు మూసుకునే ఉన్నాను. చెప్పులు మంచం కిందే ఉన్నాయి.

మేస్త్రీ తాపీ తీసుకుని, తిడుతూనే, ఆ అచ్చుల మీద సిమెంటు మెత్తాడు.